ఉగ్రవాద కేసుల విశ్లేషణలో ఐటీ టూల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగ్రవాద కేసు వార్త వచ్చినప్పుడల్లా పేపర్లో సీడీఆర్, టవర్ డంప్, నాట్‌గ్రిడ్ లాంటి మాటలు కనబడతాయి. అవేమిటో, ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ బోల్తా పడతాయో తెలుగులో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. డేటా అనాలిసిస్ చదువుతున్న విద్యార్థులు, పోలీసు ఉద్యోగాలకు సిద్ధమవుతున్నవాళ్లు, ఊరికే తెలుసుకుందామనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇందులో ఉన్నదంతా అందరికీ అందుబాటులో ఉన్న సమాచారమే.

ఈ టూల్స్ అసలు చేసే పని ఏమిటి?

చెల్లాచెదురుగా ఉన్న రికార్డుల్లో ఒకే మనిషికి చెందినవి ఏవో పట్టుకుని పక్కపక్కన పెట్టడం. ఫోన్ వివరాలు టెలికాం కంపెనీ దగ్గర ఉంటాయి, ఖాతా బ్యాంకులో, వీసా కాగితం రాయబార కార్యాలయంలో, బస చేసిన వివరం ఏదో లాడ్జి రిజిస్టర్లో. ఇవన్నీ ఒక్కడివే అని తేలేదాకా కేసు కదలదు.

సినిమాల్లో బటన్ నొక్కగానే గోడంత స్క్రీన్ మీద నిందితుడి ఫొటో వచ్చేస్తుంది. నిజంగా ఎక్కువ టైమ్ తినేసేది డేటాను శుభ్రం చేసే పని. ఒక ఫైల్లో తేదీ రోజు-నెల వరసలో ఉంటుంది, ఇంకోదాంట్లో నెల-రోజు వరసలో. ఫోన్ నంబరు ముందు ఒకచోట 91 ఉంటుంది, ఒకచోట సున్నా, మరోచోట ఏదీ ఉండదు. వీటిని ఒకే తీరుకు మార్చకపోతే కంప్యూటర్ లెక్కలో అవి మూడు వేర్వేరు నంబర్లు. ఈ విసుగు పుట్టించే పనిని ఓపిగ్గా చేసినవాడే మంచి విశ్లేషకుడు అవుతాడని నా నమ్మకం.

సీడీఆర్ అంటే ఏమిటి? అందులో మనం మాట్లాడిన మాటలు కూడా ఉంటాయా?

ఉండవు. సీడీఆర్ అంటే కాల్ డీటెయిల్ రికార్డ్. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎన్ని సెకన్లు, వచ్చిన కాలా చేసిన కాలా లేక ఎస్సెమ్మెస్సా, కాల్ మొదలైనప్పుడు ఏ సెల్ (అంటే టవర్ కవర్ చేసే ఒక భాగం), ముగిసినప్పుడు ఏ సెల్, హ్యాండ్‌సెట్‌కి ఉండే గుర్తింపు నంబరు ఐఎంఈఐ, సిమ్‌కి ఉండే గుర్తింపు నంబరు ఐఎంఎస్‌ఐ. ఒక్కో కాల్‌కు ఒక్కో వరుస. మాటలు వినాలంటే వేరే చట్టం, వేరే అనుమతి కావాలి. దాని గురించి కింద చెప్పాను.

మాటలు లేకపోయినా ఈ వరుసలు చాలా చెబుతాయి. రాత్రి చివరి కాల్, పొద్దున మొదటి కాల్ రోజూ ఒకే సెల్ మీద పడుతుంటే ఆ మనిషి నిద్రపోయే చోటు అదే అయ్యుండాలి. సిమ్ మారినా ఐఎంఈఐ మారకపోతే పాత ఫోన్లోనే కొత్త సిమ్ వేశారన్నమాట. ఎప్పుడూ మోగే నంబరు ఘటనకు ముందురోజు నుంచి మూగబోతే అది కూడా సమాచారమే.

ఇక్కడ కొత్తవాళ్లు తరచూ తప్పు చేసే చోటొకటి ఉంది. ఐఎంఈఐలో 15 అంకెలుంటాయి. చివరిది ముందున్న 14 అంకెల నుంచి లెక్కగట్టే సరిచూపు అంకె. చాలా సీడీఆర్‌లలో ఆ చివరి అంకె బదులు సున్నా వస్తుంది. ఫోన్ డబ్బా మీద ఉన్న నంబరుతో పోలిస్తే చివరి అంకె కలవదు, 'ఇది వేరే ఫోన్' అని పక్కన పడేస్తారు. పోల్చాల్సింది మొదటి 14 అంకెలనే.

ఇంకో జాగ్రత్త. సెల్ ఐడీ అంటే ఇంటి అడ్రసు కాదు. నగరంలో ఒక సెల్ కొన్ని వందల మీటర్ల మేర ఉండొచ్చు, పల్లెల్లో కిలోమీటర్ల మేర. దగ్గరి సెల్ మీద రద్దీ ఎక్కువైతే ఫోన్ పక్క సెల్‌కి తగులుకుంటుంది. 'నిందితుడు ఆ ఇంట్లోనే ఉన్నాడు' అని సీడీఆర్ చూసి ఎవరైనా చెబితే నమ్మకండి. 'ఆ ప్రాంతంలో ఉండి ఉండొచ్చు' అన్నంతవరకే అది చెబుతుంది. వాట్సాప్ లాంటి యాప్‌ల కాల్స్ సీడీఆర్‌లో కనబడవు. వాటికి ఇంటర్నెట్ వాడకం రికార్డు విడిగా ఉంటుంది, అందులోనూ డేటా ఎప్పుడు ఎటు వెళ్లిందన్నదే తప్ప సందేశం ఉండదు. మన దేశంలో 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధనలు మార్చాక ఈ రికార్డులను కంపెనీలు కనీసం రెండేళ్లు దాచాలి.

టవర్ డంప్ అంటే?

ఒక నంబరు రికార్డు కాకుండా, ఒక టవర్ పరిధిలో ఫలానా టైమ్‌లో వాడిన నంబర్లన్నిటి జాబితా. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం ఏడు గంటల వేళ సైకిళ్లకు అమర్చిన బాంబులు పేలాయి. ఆ టైమ్‌కి అక్కడ బస్సుల కోసం నిలబడ్డవాళ్లు, కోచింగ్ సెంటర్ల నుంచి బయటికొచ్చినవాళ్లు, షాపింగ్‌కి వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారో హైదరాబాద్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటి చోట డంప్ తీస్తే వచ్చేది జనసముద్రం. ఒక్క డంప్‌తో ఏమీ తేలదు. రెండు మూడు వేర్వేరు చోట్ల, వేర్వేరు రోజుల జాబితాలను కలిపి చూసి, అన్నిట్లోనూ కనబడే కొద్ది నంబర్లను వేరుచేస్తేనే విలువ. మిగిలిన వేలమందికి ఆ కేసుతో ఏ సంబంధమూ లేదు, వాళ్ల వివరాలు మాత్రం పోలీసు కంప్యూటర్లో చేరిపోతాయి. పని అయ్యాక వాటిని చెరిపేయాలనే నియమం గట్టిగా ఉండాలని నేను కోరుకుంటాను.

గీతలు, చుక్కలతో గీసే లింక్ చార్ట్ వల్ల ఉపయోగం ఏమిటి?

మనుషులు చుక్కలు, వాళ్ల మధ్య పరిచయాలు గీతలు. కాల్స్, డబ్బు బదిలీ, ఒకే గదిలో అద్దెకుండటం, కలిసి ప్రయాణించడం, ఏదైనా గీత కావచ్చు. బ్రిటన్‌లో 1990లో మొదలైన ఐ2 కంపెనీ తెచ్చిన అనలిస్ట్స్ నోట్‌బుక్ సాఫ్ట్‌వేర్ చాలా దేశాల పోలీసులకు ఈ అలవాటు చేసింది. 2003లో అమెరికాలో పుట్టిన పాలంటిర్ కంపెనీ దీన్ని పెద్ద డేటాబేస్‌లకు విస్తరించింది. ఉచితంగా దొరికే గెఫీ అనే సాఫ్ట్‌వేర్‌తో కూడా ఈ పని చేయొచ్చు.

ఎక్కువ గీతలున్నవాడే నాయకుడు అనుకోవడం మొదటి పొరపాటు. అందరితో మాట్లాడేది సరుకులు తెచ్చిపెట్టేవాడో, డ్రైవరో కావచ్చు. రెండు గుంపుల మధ్య ఒక్కడే దారిగా ఉన్నవాడు ఎవరో చూడటం ఎక్కువ ముఖ్యం. పెళ్లి సంబంధం కుదిర్చే పేరయ్యకు రెండు వైపులా చుట్టరికం ఉండకపోవచ్చు, అతను లేకపోతే మాత్రం రెండు కుటుంబాలకు మాటే కలవదు. అలాంటి మనిషిని లెక్కగట్టే కొలతలు నెట్‌వర్క్ శాస్త్రంలో ఉన్నాయి.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాకు చెందిన నెట్‌వర్క్ విశ్లేషకుడు వాల్డిస్ క్రెబ్స్ కేవలం వార్తాపత్రికల్లో వచ్చిన వివరాలతో 19 మంది హైజాకర్ల చార్టు గీశాడు. హైజాకర్ల నాయకుడు మొహమ్మద్ అట్టా మధ్యలో తేలాడు. ఇది చూసి చాలామంది 'చూశారా, ముందే తెలిసేది' అన్నారు. అది సరికాదు. ఘటన జరిగాక ఎవరి పేర్లు వెతకాలో తెలుసు కాబట్టే ఆ బొమ్మ అంత స్పష్టంగా వచ్చింది. ముందురోజు అదే బొమ్మ లక్షల చుక్కల మధ్య ఉండేది.

ముంబయి 26/11 కేసులో టెక్నాలజీ ఏం తేల్చింది?

ఈ రంగం గురించి తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి కేసు లేదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2008 నవంబరు 26న సముద్రం మీదుగా వచ్చిన పదిమంది 166 మందిని చంపారు. వాళ్లు వాడుకున్న కుబేర్ అనే చేపల పడవలో శాటిలైట్ ఫోన్, జీపీఎస్ పరికరం దొరికాయి. జీపీఎస్‌లో దారి గుర్తులు ఉంటాయి కాబట్టి పడవ ఎటునుంచి వచ్చిందన్న ప్రశ్నకు కసబ్ వాంగ్మూలం మీదే ఆధారపడాల్సిన అవసరం తగ్గింది.

దాడి నడుస్తుండగా పాకిస్తాన్ నుంచి ఫోన్‌లో ఆదేశాలు వస్తూనే ఉన్నాయి. ఇక్కడి ఫోన్లలో మాత్రం ఆస్ట్రియా నంబరు కనబడుతోంది. కారణం, ఇంటర్నెట్ ద్వారా నడిచే కాల్స్. అమెరికాలోని న్యూజెర్సీలో ఉన్న కాల్‌ఫోనెక్స్ అనే కంపెనీ ఖాతా ద్వారా అవి వచ్చాయి. ఆ ఖాతాకు డబ్బు కట్టిందెవరు? దాడికి ముందురోజు ఇటలీలోని బ్రెషా నగరం నుంచి 229 డాలర్లు పంపారు. పంపినవాడి పేరుగా రాసిన మనిషి ఇటలీలో అడుగే పెట్టలేదని అక్కడి పోలీసులు తేల్చారు. ఫోన్ నంబరు నుంచి ఖాతాకి, ఖాతా నుంచి డబ్బుకి, డబ్బు నుంచి దొంగ గుర్తింపుకి, ఇలా ఒక్కో అడుగు. ఇండియా, అమెరికా, ఇటలీ మూడు దేశాల సంస్థలు కాగితాలు ఇచ్చిపుచ్చుకుంటే తప్ప ఏ సాఫ్ట్‌వేరూ ఈ గొలుసును పూర్తి చేయలేదు.

బాధ కలిగించే విషయం ఇంకొకటి. హోటళ్ల బయట కమాండోల కదలికలను టీవీ ఛానళ్లు లైవ్‌లో చూపిస్తుంటే, పాకిస్తాన్‌లో కూర్చుని ఆదేశాలిస్తున్నవాళ్లు అది చూస్తూ లోపలివాళ్లకు చెప్పారు. 2012 తీర్పులో సుప్రీంకోర్టు దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది. 2015లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చి, ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్లు నడుస్తున్నప్పుడు లైవ్ ప్రసారాన్ని నిషేధించారు.

నాట్‌గ్రిడ్, మ్యాక్, సీసీటీఎన్‌ఎస్ మధ్య తేడా ఏమిటి?

మ్యాక్ అంటే మల్టీ ఏజెన్సీ సెంటర్. కార్గిల్ తర్వాత 2001లో ఇంటెలిజెన్స్ బ్యూరో కింద పెట్టారు, 26/11 తర్వాత బలపరిచారు. వేర్వేరు సంస్థల అధికారులు తమకు వచ్చిన సమాచారాన్ని పంచుకునే వేదిక ఇది. సీసీటీఎన్‌ఎస్ పోలీస్ స్టేషన్లను కలిపే వ్యవస్థ, 2009లో మంజూరైంది. ఎఫ్ఐఆర్‌లు, నిందితుల వివరాలు 17 వేలకు పైగా స్టేషన్ల నుంచి అందులోకి చేరతాయి.

నాట్‌గ్రిడ్ ఆలోచన 2009 డిసెంబరులో అప్పటి హోం మంత్రి చిదంబరం బయటపెట్టారు. విమాన ప్రయాణం, బ్యాంకు, టెలికాం, ఇమిగ్రేషన్ లాంటి 21 రకాల డేటాబేస్‌లను అనుమతి ఉన్న సంస్థలు ఒకేచోటి నుంచి అడగగలగాలన్నది లక్ష్యం. డేటా అంతా ఒక గోడౌన్‌లో పోయడం కాదు, ఉన్నచోటే ఉంచి ప్రశ్న పంపడం. పని ఏళ్ల తరబడి సాగింది. 2011లోనే దీన్ని సమాచార హక్కు చట్టం నుంచి మినహాయించారు. ఇంత శక్తి ఉన్న వ్యవస్థను స్వతంత్రంగా తనిఖీ చేసే యంత్రాంగం కూడా అంతే బలంగా ఉండాలి. ఆ వైపు నడక చాలా నెమ్మదిగా ఉంది.

అన్నీ కలిపేస్తే సరిపోతుంది కదా, పేర్లతో అంత ఇబ్బంది ఏమిటి?

అసలు కష్టమంతా అక్కడే. 2009 క్రిస్మస్ రోజున ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్తున్న విమానంలో లోదుస్తుల్లో బాంబు పెట్టుకుని ఉమర్ ఫరూక్ అబ్దుల్‌ముతల్లబ్ అనే నైజీరియా యువకుడు ఎక్కాడు. బాంబు సరిగా పేలలేదు కాబట్టి అందరూ బతికారు. నెల క్రితమే అతని కన్నతండ్రి అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి కొడుకు మీద తన అనుమానం చెప్పాడు. ఆ సమాచారం పంపినవాళ్లు పేరు స్పెల్లింగ్ తప్పు రాశారు. దాంతో అతనికి అమెరికా వీసా ఉన్న సంగతి వెతుకులాటలో దొరకలేదు. ఉగ్రవాద అనుమానితుల పెద్ద జాబితాలో పేరుంది, విమానం ఎక్కనివ్వకూడని జాబితాలోకి మాత్రం ఎక్కలేదు.

26/11 కోసం ముంబయిలో రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ ఇంకోలా తప్పించుకున్నాడు. అతని అసలు పేరు దావూద్ గిలానీ. 2006లో చట్టబద్ధంగా పేరు మార్చుకుని, అమెరికన్ పేరుతో, అమెరికా పాస్‌పోర్టుతో దాడికి ముందు పలుమార్లు వచ్చి వెళ్లాడు. ఇక్కడి తనిఖీల్లో దొరకలేదు.

ఇక మన తెలుగు పేర్ల సంగతి చూడండి. వెంకటేశ్వరరావు అన్న పేరును ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో మీ బంధువుల్లోనే లెక్క తేల్చొచ్చు. ఒకాయనకు 'శ'కు ఒక అక్షరం, ఇంకొకాయనకు రెండు. రావు కొన్నిచోట్ల విడిగా, కొన్నిచోట్ల కలిపి. ఇంటిపేరు పదో తరగతి సర్టిఫికెట్లో ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో చివర. అమెరికా వెళ్తే ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ తారుమారు. లక్ష్మి, మొహమ్మద్, సయ్యద్ అన్నీ ఇంతే. ఒక మనిషి నాలుగు రికార్డుల్లో నలుగురిలా కనబడతాడు, నలుగురు వేర్వేరు మనుషులు ఒక్కడిలా కనబడతారు.

దీనికి వాడే పద్ధతుల్లో పాతది సౌండెక్స్. 1918లో అమెరికాలో పేటెంటు పొందింది, ఇంగ్లిష్ ఉచ్చారణ కోసం తయారైంది. మన పేర్లకు అది అంతగా సరిపోదు. ఒక పేరును ఇంకో పేరుగా మార్చాలంటే ఎన్ని అక్షరాలు సవరించాలో లెక్కించే లెవెన్‌స్టైన్ పద్ధతి ఇంకొకటి. మంచి వ్యవస్థ పేరొక్కటే చూడదు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఫోన్, అడ్రసు అన్నిటికీ మార్కులేసి మొత్తం మీద నిర్ణయిస్తుంది. పుట్టిన తేదీతోనూ చిక్కే. స్కూల్లో చేర్చేటప్పుడు టీచరు ఏదో ఒక తేదీ వేసేసిన తరం మన ఊళ్లలో ఇంకా ఉంది. తెలుగు పేర్ల తీరు తెలిసిన ప్రోగ్రామర్లు ఈ పనికి చాలా అవసరం. నెట్‌వర్క్ గ్రాఫ్‌ల కంటే దీనిమీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమని విద్యార్థులకు చెబుతాను.

డబ్బు జాడ పట్టుకోవడం సులభమేనా?

పెద్ద మొత్తాలైతే కొంత సులభం. 2004లో ఏర్పడిన ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు బ్యాంకులు 10 లక్షలు దాటిన నగదు లావాదేవీలను నివేదిస్తాయి. అనుమానం కలిగించే లావాదేవీ అయితే మొత్తంతో సంబంధం లేకుండా చెప్పాలి. ఉగ్రవాదంలో డబ్బు చాలాసార్లు చిన్న మొత్తాల్లో నడుస్తుంది. పైన చెప్పిన 229 డాలర్లు ఏ పరిమితినీ దాటవు. అందుకే ఇక్కడ అంకె కంటే ఎవరు ఎవరికి పంపారన్న సంబంధమే ముఖ్యం.

ఏఐతో ఉగ్రవాదిని ముందే పసిగట్టొచ్చా?

నా సమాధానం, జనం మొత్తం మీద జల్లెడ పట్టే పద్ధతిలో అయితే కాదు. ఎందుకో ఒక ఊహా లెక్కతో చూద్దాం. 10 కోట్ల మందిలో 1,000 మంది నిజంగా ప్రమాదకరమైనవాళ్లు అనుకుందాం. మీ ప్రోగ్రాం 99 శాతం కరెక్ట్. 1,000 మందిలో 990 మందిని పడుతుంది, భేష్. మిగతా జనంలో ఒక శాతాన్ని తప్పుగా అనుమానిస్తుంది. ఆ ఒక శాతం అంటే దాదాపు 10 లక్షల మంది. అంటే ఆ జాబితాలో ప్రతి వెయ్యిమందిలో దాదాపు ఒక్కడే అసలువాడు. 10 లక్షల తలుపులు తట్టే పోలీసులు ఎక్కడా లేరు, ఉన్నా అది న్యాయం కాదు. 99 శాతం అంటే గొప్ప అని ఎవరైనా అమ్మచూపితే ముందు ఈ లెక్క వేయండి.

అనుభవమూ ఇదే చెబుతోంది. అమెరికాలో 2002లో మొదలైన టోటల్ ఇన్ఫర్మేషన్ అవేర్‌నెస్ ప్రాజెక్టుకు మరుసటి ఏడే అక్కడి కాంగ్రెస్ నిధులు ఆపేసింది. దేశమంతటి ఫోన్ రికార్డులను మూటగట్టి సేకరించిన ఇంకో కార్యక్రమాన్ని 2013లో అక్కడి నిఘా సంస్థకు పనిచేసిన స్నోడెన్ బయటపెట్టాడు. దాన్ని పరిశీలించిన అక్కడి ప్రైవసీ పర్యవేక్షణ బోర్డు, ఉగ్రవాద దర్యాప్తు ఫలితాన్ని ఆ కార్యక్రమం మార్చిన సందర్భం ఒక్కటీ తమకు కనబడలేదని 2014 జనవరిలో తేల్చింది. 2015లో చట్టం మార్చి మూకుమ్మడి సేకరణ ఆపారు.

ఏఐ పనికిరాదని కాదు. ఇప్పటికే స్వాధీనం చేసుకున్న ఫోన్లో 40 వేల ఫొటోలుంటే వాటిలో ఆయుధాలున్నవి వేరుచేయడానికి, గంటల కొద్దీ ఆడియోను అక్షరాల్లోకి మార్చడానికి అది వరం. చట్టబద్ధంగా చేతికొచ్చిన గుట్టను తగ్గించడానికి వాడాలి, మనిషి మనసు చదవడానికి కాదు.

టూల్ తప్పు మనిషిని చూపిస్తే ఏమవుతుంది?

2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో జరిగిన పేలుళ్లలో 190 మందికి పైగా చనిపోయారు. డిటోనేటర్లున్న సంచి మీద దొరికిన వేలిముద్రను ఎఫ్‌బీఐ తన కంప్యూటర్లో వెతికితే దగ్గరగా ఉన్న 20 ముద్రల జాబితా వచ్చింది. కంప్యూటర్ చేయాల్సింది అదే, చేసింది. అందులో ఒకటి అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన ఒక లాయరుది. నిపుణులు 'ఇతనే' అన్నారు. స్పెయిన్ పోలీసులు సరిపోలడం లేదని చెప్పినా వినలేదు. రెండు వారాలు నిర్బంధంలో ఉంచాక, ఆ ముద్ర అల్జీరియాకు చెందిన ఇంకొకడిదని స్పెయిన్ తేల్చింది. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది, 2006లో ప్రభుత్వం 20 లక్షల డాలర్లు చెల్లించింది. డేటాబేస్ పెద్దదయ్యేకొద్దీ యాదృచ్ఛికంగా పోలికలున్న ముద్రలు కూడా పెరుగుతాయన్న సంగతి ఈ కేసు అందరికీ నేర్పింది. ముఖాలను గుర్తించే కెమెరాలకూ ఇదే వర్తిస్తుంది.

మన దగ్గర 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్‌లో పదుల సంఖ్యలో యువకులను పట్టుకెళ్లారు. వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం కొందరికి పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, ఎటువైపు వెతకాలో ముందే నిర్ణయించేసుకోవడం. అలాంటి నిర్ణయంతో కూర్చున్నవాడి చేతిలో ఎంత మంచి టూల్ పెట్టినా అది అతని అనుమానాన్నే చార్టుగా గీసి ఇస్తుంది. చదువు ఆగిపోయి, ఉద్యోగం పోయి, పెళ్లి సంబంధాలు చెడిపోయిన ఆ పిల్లల జీవితాలను ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

దీనికి విరుగుడుగా సీఐఏ విశ్లేషకుల నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది. సాధ్యమైన వివరణలన్నీ పైన అడ్డంగా, ఆధారాలన్నీ పక్కన నిలువుగా రాసి, ఏ ఆధారం ఏ వివరణను కొట్టేస్తుందో ఒక్కో గడిలో గుర్తించడం. మన అనుమానాన్ని బలపరిచేవి కాదు, దాన్ని కూల్చేవి వెతకాలి. ఎక్సెల్ షీటు చాలు.

ఉగ్రవాద వీడియోలను సోషల్ మీడియా కంపెనీలు ఎలా గుర్తిస్తాయి?

ఉగ్రవాద వీడియో అని తేలిన ప్రతిదానికీ ఒక డిజిటల్ ముద్ర, అంటే హ్యాష్, లెక్కగట్టి ఉమ్మడి జాబితాలో పెడతారు, కొత్తగా వచ్చే వీడియోలను దానితో పోలుస్తారు. 2016 చివర్లో ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, ట్విటర్, యూట్యూబ్ కలిసి ఇది మొదలుపెట్టాయి. మామూలు హ్యాష్ అయితే ఒక్క పిక్సెల్ మారినా మొత్తం మారిపోతుంది, కాబట్టి పోలికను పట్టుకునే ప్రత్యేక రకం వాడతారు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు అది లైవ్‌లో చూపించాడు. తొలి 24 గంటల్లో ఫేస్‌బుక్ 15 లక్షల కాపీలు తీసేసింది. అందులో 12 లక్షలు అప్‌లోడ్ దగ్గరే ఆగాయి, మిగతావి ఎంతోకొంత సేపు బయటికొచ్చాయి.

మాటలను పట్టుకోవడం ఇంకా కష్టం, తెలుగులో మరీ కష్టం. మనవాళ్లు సగం తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తారు. పైగా మన మామూలు మాటల్లోనే 'చంపేస్తా', 'నరికేస్తా' ఉంటాయి. పెద్ద హీరో సినిమా రిలీజ్ ముందురోజు అభిమానుల పోస్టులు చూడండి: 'రేపు థియేటర్ తగలబడిపోద్ది', 'ట్రైలర్ బాంబులా పేలింది'. పదాల జాబితాతో వెతికే టూల్‌కి వీళ్లంతా అనుమానితులే. నిజంగా కుట్ర పన్నేవాడు ఆ మాటలు వాడడు.

ఈ డిజిటల్ ఆధారాలు కోర్టులో నిలబడతాయా?

సరిగ్గా సేకరిస్తేనే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ, ఏ పద్ధతిలో లెక్కగట్టారో రాయాలి. సీజ్ చేసిన రోజు హ్యాష్, కోర్టులో చూపే రోజు హ్యాష్ ఒకటే అయితే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని అర్థం. దొరికిన ఫోన్‌ను ఆత్రంగా ఆన్ చేసి గ్యాలరీ తిరగేస్తే ఫైళ్ల టైమ్‌లు మారిపోతాయి, డిఫెన్స్ లాయరుకు అదే పట్టు. ఇక లింక్ చార్ట్ సాక్ష్యం కాదు. దాని వెనకున్న రికార్డులే సాక్ష్యం.

ప్రభుత్వం నా ఫోన్ కాల్స్ వినగలదా?

చట్టం ప్రకారం కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి రాతపూర్వక ఉత్తర్వు కావాలి. 1996లో పీయూసీఎల్ అనే పౌర హక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు పెట్టిన రక్షణలు దీనికి పునాది. ఒక ఉత్తర్వు 60 రోజులు, పొడిగించినా మొత్తం 180 రోజులు మించకూడదు, సమీక్ష కమిటీ చూడాలి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పాక ఈ షరతులకు మరింత బలం వచ్చింది.

కాగితం మీద ఉన్నది ఆచరణలో ఎలా ఉందో 2024 మార్చిలో బయటపడిన తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు మన ముందు పెట్టింది. మావోయిస్టుల మీద నిఘాకు ఉద్దేశించిన విభాగాన్ని రాజకీయ ప్రత్యర్థుల మీద వాడారని, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. ఎవరు ఎప్పుడు ఏ నంబరు వెతికారో చెరపడానికి వీల్లేని లాగ్ ప్రతి నిఘా వ్యవస్థలోనూ ఉండాలి, అది ఆ విభాగం చేతిలో కాకుండా బయటివాళ్ల దగ్గర ఉండాలి.

నేను విద్యార్థిని. దేనిమీద ప్రాక్టీస్ చేయాలి?

అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీ నడిపే గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్‌లో 1970 నుంచి 2 లక్షలకు పైగా ఘటనలున్నాయి. రిజిస్టర్ చేసుకుని తీసుకోవచ్చు. ఒక సంగతి తెలియకుండా గ్రాఫ్ గీయకండి: తొలి దశాబ్దాల వివరాలు పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థ కార్డుల నుంచి వచ్చాయి, ఆఫీసు మారేటప్పుడు 1993 కార్డులు పోయాయి. ఆ ఏడాది గ్రాఫ్ కిందికి పడితే ప్రపంచం ప్రశాంతంగా ఉందని కాదు. 2012లో సేకరణ పద్ధతి మారింది, అప్పటి పెరుగుదలలో కొంత ఆ మార్పు వల్లే. మన ఉపఖండానికి సౌత్ ఏషియా టెర్రరిజం పోర్టల్ ఉంది.

టూల్స్‌కి ఎక్సెల్, పైథాన్, గెఫీ, మ్యాపులకు క్యూజీఐఎస్, డిస్క్ ఫోరెన్సిక్స్‌కి ఆటాప్సీ. అన్నీ చట్టబద్ధంగా దొరికేవే, ఎక్సెల్ తప్ప మిగతావి ఉచితం. మీ వీధిలోవాళ్ల ఫేస్‌బుక్ ప్రొఫైళ్ల మీద మాత్రం ప్రాక్టీస్ చేయకండి.

ఉద్యోగాలు ఎక్కడ ఉంటాయి?

ఎన్ఐఏ, రాష్ట్ర పోలీసు విభాగాలు, ఫోరెన్సిక్ ల్యాబులు, బ్యాంకుల్లో మనీ లాండరింగ్ నిరోధక బృందాలు. హైదరాబాద్‌లో జాతీయ పోలీస్ అకాడమీ, కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ ఉండటం తెలుగువాళ్లకు కలిసొచ్చే విషయం. కోడింగ్‌తో పాటు ఉర్దూ, హిందీ, గోండి లాంటి ఇంకో భాష చక్కగా వచ్చినవాళ్లకు విలువ ఎక్కువ.

నా పేరు మీద ఎవరో తీసుకున్న సిమ్ ఇలాంటి కేసులో బయటపడితే?

ముందు పోలీసులు వచ్చేది మీ ఇంటికే, ఎందుకంటే టెలికాం రికార్డులో ఉన్నది మీ పేరు, మీ ఆధార్. అది జరగకముందే చూసుకోండి. టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్లో మీ మొబైల్ నంబరు, ఓటీపీ ఇస్తే మీ పేరు మీద ఉన్న కనెక్షన్లన్నీ కనబడతాయి. మీది కాని నంబరు పక్కన 'నా నంబరు కాదు' అని ఎంచుకుని ఫిర్యాదు పంపొచ్చు. ఫిర్యాదు రిఫరెన్స్ నంబరును స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఫోన్ పోతే ముందు పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోండి, తర్వాత అదే పోర్టల్ ద్వారా ఐఎంఈఐ బ్లాక్ చేయించండి. సిమ్ కోసం జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే దానిమీద ఏ పనికి ఇస్తున్నారో, ఏ తేదీనో అడ్డంగా రాసి సంతకం పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ల పేర్ల మీద ఉన్న నంబర్లు కూడా ఒకసారి చూడండి. రోడ్డు పక్క గొడుగు కింద సిమ్‌లు అమ్మేవాళ్ల దగ్గర వాళ్లు ఒక సిమ్ కోసం రెండుసార్లు వేలిముద్ర వేసి ఉంటే, వాళ్ల పేరు మీద ఇంకో సిమ్ కూడా పుట్టి ఉండొచ్చు.